నాయకుడు రేపు పొద్దున్నే ఏం చేస్తాడు?

మిత్రులారా,

సినిమా కథ చెప్పమంటే మనలో చాలామందిమి నాయకుడి స్వభావంతో మొదలుపెడతాం. అతడు మంచివాడని, మాట తప్పడని, అమ్మంటే ప్రాణమని, అన్యాయాన్ని సహించలేడని చెప్పుకుంటూ పోతాం. వింటున్న నిర్మాత తల ఊపుతూనే ఉంటాడు గాని, ఇంతకీ అతడికి ఏం కావాలి, దానికోసం రేపు పొద్దున్నే లేచి ఏం చేస్తాడు అన్న ప్రశ్న ఆయనను వదలదు. ప్రశాంతంగా బతకాలనుకునే మనిషిని కెమెరా ఎంతసేపని చూపించగలదు? అదే మనిషి తాకట్టులో ఉన్న పొలాన్ని సంక్రాంతిలోగా విడిపించాలనుకుంటే ఒక గడువు, ఓడిపోయే అవకాశం, ఎదురుగా నిలిచే ఒక షావుకారు వెంటనే కథలోకి వచ్చేస్తారు.

కె.వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనతో విజయా సంస్థ 1951లో తీసిన ‘పాతాళభైరవి’ని ఈ దృష్టితో మరొకసారి చూడండి. తోటరాముడు రాకుమారిని ప్రేమించినంత మాత్రాన కథ కదలదు. తనతో సమానమైన సంపద తెస్తే పిల్లనిస్తానని ఉజ్జయిని రాజు షరతు పెట్టినప్పుడు కదులుతుంది. ఇక రాముడు ఇల్లు విడవక తప్పదు, నేపాళ మాంత్రికుణ్ణి నమ్మకా తప్పదు. ఆ మాంత్రికుడు నాయకుడికి అడ్డుపడటానికి పుట్టినవాడు కాడు, తన పని మీద తాను వచ్చినవాడు. సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇచ్చి పాతాళభైరవి అనుగ్రహం పొందాలన్నది అతడి పట్టుదల. ఒకరి లక్ష్యం నెరవేరాలంటే రెండోవారి తల తెగాలి. ఇంతకన్నా గట్టి సంఘర్షణ ఏముంటుంది?

ఇందులో నేను మరింత మెచ్చుకునేది తర్వాతి భాగాన్ని. కథ చాలా మిగిలి ఉండగానే, మాంత్రికుణ్ణే బలి ఇచ్చిన రాముడికి కోరికలు తీర్చే పాతాళభైరవి ప్రతిమ దక్కుతుంది, సంపద సమకూరుతుంది. విరామం తర్వాత కథ జారిపోయిందని మనం తరచూ అనుకునేది ఇటువంటి చోటనే. కానీ శిష్యుడు బతికించిన మాంత్రికుడు ప్రతిమను చేజిక్కించుకుని రాకుమారిని అపహరించడంతో, రాముడు సాధించిన గెలుపే అతడి తర్వాతి లక్ష్యానికి కారణమవుతుంది.

పదిమందిని కొట్టిన నాయకుడు చురుకైనవాడని మన పరిశ్రమలో ఒక అపోహ ఉంది. ప్రతినాయకుడు మనుషులను పంపడం, నాయకుడు కొట్టి పంపడం, మళ్లీ ఇంకొందరు రావడం, ఇలా సాగే కథలో పగ్గాలు ప్రతినాయకుడి చేతిలోనే ఉంటాయి. ఫైట్ ఎంత బాగా తీసినా నాయకుడు చేస్తున్నది బదులివ్వడమే.

మరి దేవదాసు సంగతేమిటని మీరు అడగవచ్చు. బెంగాలీ రచయిత శరత్ నవల ఆధారంగా వేదాంతం రాఘవయ్య తీసిన 1953 నాటి చిత్రంలో నాయకుడు నిర్ణయం తీసుకోలేని మనిషే. అయితే లోకనిందకు వెరవకుండా అర్ధరాత్రి అతడి గదికి వచ్చి, తనను స్వీకరించమని అడిగింది అతడి ప్రియురాలు పార్వతి. అక్కడ కథను నడిపేది ఆమె, అతడి బలహీనత ఆమెకు అడ్డంకి. చనిపోయేలోగా ఒకసారి వస్తానన్న మాట కోసం జబ్బు శరీరంతో ఆమె ఊరికి బయలుదేరినప్పుడు గాని దేవదాసు తనంతట తానుగా ఒక గమ్యం పెట్టుకోడు; అప్పటికి ఆలస్యమైపోవడమే అందులోని విషాదం. కాబట్టి అసమర్థుడు నాయకుడిగా పనికిరాడని నేను అనను. అతడి పక్కన మరొకరైనా గట్టిగా కోరుకుని కదలాలి.

మీ వన్‌లైన్ ఆర్డర్, అంటే ఒక్కో సీనును ఒక్కో లైనులో వరసగా రాసుకున్న పట్టిక, తీసి, ప్రతి సీను ఎవరు చేసిన పని వల్ల వచ్చిందో దాని పక్కన రాయండి. వరసగా నాలుగైదు సీన్ల పక్కన నాయకుడి పేరు రాకపోతే, డైలాగులు దిద్దడం ఆపి, అంతకుముందు అతడు ఏ అడుగు వేసి ఉంటే ఇవన్నీ అతడి వల్లనే జరిగి ఉండేవో వెతకండి. చాలాసార్లు కొత్త సీను కూడా అక్కర్లేదు; అనుకోకుండా చేతికి దొరికిన ఉత్తరాన్ని అతడే పనిగట్టుకుని వెళ్లి సంపాదించేలా మారిస్తే సరిపోతుంది.