చల్లారిన సంగటి, 14,784 రూపాయల బిల్లు

తమ్ముడు: రికార్డింగ్ ఆన్ అయిందక్కా. ఈ వారం ఊరగాయల గురించి అనుకున్నాం గానీ, ముందు నా కడుపులో ఉన్నది కక్కేయాలి.

అక్క: కడుపులో ఏముందిరా? ఏమీ పడలేదని నాయన ఫోన్లో చెప్పినాడే! (నవ్వు)

తమ్ముడు: చెప్పేసినాడా! సరే, వినేవాళ్ల కోసం మళ్లీ చెప్తా. అమ్మ పుట్టినరోజని జూబ్లీహిల్స్‌లో ఒక కొత్త హోటల్‌కి పోయినాం. పేరొద్దు. ఇన్‌స్టాలో అంతా అదే కదా, మూడు వారాల ముందే టేబుల్ బుక్ చేసినా. రాయలసీమ వంటలు కొత్త రూపంలో అంట. ఏడు కోర్సులు, మనిషికి 3,200.

అక్క: అమ్మకు రేటు చెప్పినావా?

తమ్ముడు: చెప్తే కార్లోంచి దిగుతుందా! లోపల ఒకటే చీకటి. నాయన ఫోన్లో టార్చి వేసి ప్లేటు చూసుకున్నాడు. మొదట గోంగూర ముత్యాలు తెచ్చినారు. సగ్గుబియ్యమంత ఉన్నాయి, మనిషికి ఒక స్పూను.

అక్క: గోంగూరను ముత్యాలు ఎట్లా చేస్తారు?

తమ్ముడు: సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ పొడిని రసంలో కలిపి, కాల్షియం కలిపిన నీళ్లలో చుక్కచుక్కగా వదుల్తారు. పైన పల్చటి పొర కడుతుంది, లోపల రసం అట్లే ఉంటుంది. స్పెయిన్‌లో ఎల్ బుల్లి అనే హోటల్ 2003 ప్రాంతంలో దీన్ని ప్రపంచానికి చూపించింది. ఆ హోటల్ 2011లోనే మూతపడింది. మనకిప్పుడు కొత్త! అయినా ముత్యాలకు నేనేమీ అనను, పులుపు బాగానే తగిలింది. నా గొడవంతా సంగటితోనే.

అక్క: ఆ, అది చెప్పు.

తమ్ముడు: బిస్కెట్టు లెక్క గుండ్రంగా కోసినారక్కా. నల్లరాతి పలక మీద మూడు బిళ్లలు, పక్కన నాటుకోడి పులుసని ఒక చెంచాడు నురగ. వేలు పెట్టి చూస్తే చల్లగా, పైన తోలు కట్టి ఉంది. నాయన అలవాటుగా నడిమధ్య గుంట చేసి నెయ్యి పోసుకుందామని నొక్కితే బిళ్ల రెండు ముక్కలైంది.

అక్క: అయ్యో! సంగటి పొయ్యి మీంచి దిగినాక తెడ్డుతో ఎనిపి, చెయ్యి తడుపుకుని ముద్ద చేసి, కాలుతా ఉన్నప్పుడే పెట్టాల. పులుసులో అద్ది మింగేసేదే గానీ నమిలేదా అది? చల్లారితే సంగటికి ఏముంటుందిరా?

తమ్ముడు: అదే కదా. వడ్డించే పిల్లోడు మన కర్నూలు పక్కోడే. నాయన మాట విని దగ్గరికొచ్చి మెల్లగా చెప్పినాడు: "సాయంత్రం నాలుక్కే వండి, ట్రేలో పోసి ఫ్రిజ్‌లో పెడ్తారు సార్. గట్టిపడితేనే గుండ్రంగా తెగుతుంది. ఫొటోకి." ఇంట్లో సంగటికి మనం కాచుక్కూర్చుంటాం, అక్కడ సంగటే మన కోసం మూడు గంటలు కాచుక్కూర్చుంది.

అక్క: అమ్మ ఏమనింది?

తమ్ముడు: "చద్ది సంగటి పొద్దున మజ్జిగలో పిసుక్కుంటే బాగుండు" అనింది. షెఫ్ వచ్చి ఎట్లుందని అడిగితే మాత్రం "చాలా బాగుంది నాయనా" అనేసింది!

అక్క: (నవ్వు) అమ్మ అంతే. బిల్లు?

తమ్ముడు: నలుగురికి 12,800. దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద మళ్లీ 5 శాతం జీఎస్టీ. 14,784.

అక్క: సర్వీస్ ఛార్జీ బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదు కదరా? 2022లోనే కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు పోతే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాటంది.

తమ్ముడు: నేనూ అదే అన్నా. "మా పాలసీ సార్" అన్నాడు మేనేజరు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానంటే అప్పుడు తీసి 13,440కి కొత్త బిల్లు ఇచ్చినాడు. నాయన అట్లా మిగిలిన డబ్బులోంచే 500 తీసి ఆ కర్నూలు పిల్లోడి చేతిలో పెట్టినాడు.

అక్క: మంచి పని. అయిపోయిందా?

తమ్ముడు: యాడ! టేబుల్ బుక్ చేసింది నాయన నంబరుతో. అభిప్రాయం చెప్పండని రోజూ మెసేజీలు. మొన్న విసుగొచ్చి "సంగటి వేడిగా పెట్టండి" అని తెలుగులో కొట్టినాడు. వెంటనే జవాబు: "మీ ప్రేమకు ధన్యవాదాలు", పైగా వచ్చేసారికి 10 శాతం కూపను.

అక్క: పారేసినాడా?

తమ్ముడు: పారేస్తాడా! నీకు పంపమన్నాడు. వాట్సాప్ చూసుకో.