ఓపెన్ సోర్స్ గ్రూపులో రాజకీయం ఎంతవరకు?

[తెర మీద: లైనక్స్ కెర్నెల్‌లోని మెయింటెయినర్స్ ఫైల్. కొన్ని లైన్లు ఎర్రగా.]

నమస్తే. ఈ ఫైల్ చూడున్రి. లైనక్స్ అంటే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్, అంటే దాని కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, పంచుకోవచ్చు. దాని గుండెకాయ కెర్నెల్. అందులో ఏ డ్రైవర్‌ను, అంటే పరికరాన్ని నడిపే కోడ్‌ను, ఎవరు చూసుకుంటున్నరో రాసి పెట్టే పట్టిక ఇది. ముందు మైనస్ గుర్తుతోని ఎర్రగా కనబడుతున్నయి చూడున్రి, అవి 2024 అక్టోబర్‌లో తీసేసిన పేర్లు. పదిమందికి పైగా ఉన్నరు, చాలావరకు రష్యా డెవలపర్లే. నిబంధనల కోసం తీసేస్తున్నం, సరైన పత్రాలు చూపిస్తే మళ్ల రావచ్చు అని మార్పు కింద క్లుప్తంగ రాసిన్రు. ఏ నిబంధనో, ఏ పత్రమో రాయలేదు. అమెరికా ఆంక్షల జాబితాలో ఉన్న కంపెనీలల్ల పనిచేసేటోళ్లకు ఇది వర్తిస్తదని వివరణ తర్వాత వచ్చింది. వాళ్లు రాసిన కోడ్ మాత్రం కెర్నెల్‌లో అట్లనే ఉన్నది.

ఇట్లాంటిది జరిగినప్పుడల్లా, "అందుకే కోడ్‌లోకి రాజకీయం తేవద్దు" అంటరు. నేను ఒప్పుకోను. రాజకీయం ఉండాలె. ఏ విషయంలో, ఎంతవరకు అన్నదే తేల్చుకోవాలె.

[తెర మీద: నల్లగొండ జిల్లా పటం]

మన నల్లగొండలో 1996 లోక్‌సభ ఎన్నికలకు 480 మంది నిలబడ్డరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్న ఊర్ల గోడు ఢిల్లీకి వినబడాలని జలసాధన సమితి పిలుపునిస్తే, వందలమంది స్వతంత్రులుగా నామినేషన్లు వేసిన్రు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడ్డది. అదే ఏడాది జనరల్ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచిన్రు. పార్టీ జెండా లేదు, పదవి మీద ఆశ లేదు. అడిగింది నీళ్లు. అంతకంటే గట్టి రాజకీయం ఏముంటది? సాఫ్ట్‌వేర్ గ్రూపు కూడా ముందు తన నీళ్లు ఏవో తెలుసుకోవాలె.

నన్నడిగితే అవి ఇయ్యే: కోడ్ చదివే హక్కు, మార్చుకునే హక్కు, పంచుకునే హక్కు, ఇంటర్నెట్ అందరికీ ఒక్క తీరుగ అందుడు. 1983లో అమెరికా ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్, అందరూ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించింది ఇందులో మొదటి మూడు హక్కుల కోసమే. అది పుట్టుకతోనే రాజకీయం. 2015లో ఫ్రీ బేసిక్స్ పేరుతోని, కొన్ని సైట్లనే ఉచితంగ ఇచ్చే ఫేస్‌బుక్ పథకం వచ్చినప్పుడు మన దేశంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు ఊకోలేదు, ఎదిరించిన్రు. కొన్ని సైట్లకు ఒక రేటు, మిగతావాటికి ఇంకో రేటు పెట్టొద్దని 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం ఇచ్చింది. ఆ రోజు "మాకు రాజకీయాలు వద్దు" అని కూసుంటే ఏమయ్యేదో ఆలోచించున్రి.

[తెర మీద: ఓపెన్ సోర్స్ నిర్వచనం, 5వ, 6వ నిబంధనలు]

ఇగ ఎక్కడ ఆగాలె? వాడుకునేటోడి కాడ ఆగాలె. ఓపెన్ సోర్స్ నిర్వచనంలో 5వ నిబంధన మనుషుల మీద వివక్ష వద్దంటది. 6వది, ఏ పనికి వాడుతున్నరన్నదాన్ని బట్టి ఆపొద్దంటది. 2018లో లెర్నా అనే జావాస్క్రిప్ట్ టూల్ లైసెన్స్‌లో, అమెరికా వలసల పోలీసులతోని పనిచేసే కంపెనీల జాబితా పెట్టి, వీళ్లు వాడొద్దని రాసిన్రు. కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నరు. ఆ కోపం నాకు అర్థమైతది. పాలమూరు నుంచి ముంబైకి మూటముల్లె కట్టుకొని పోయిన కూలీల ఇండ్లల్ల పుట్టినోళ్లం, వలసోళ్లను తరుముతుంటే చూస్తూ ఊకుండలేం. అయినా లైసెన్స్‌లో జాబితా వద్దనే నేనంట. ఇయ్యాల ఆ జాబితా మనం రాస్తం, రేపు ఇంకొకరు రాస్తరు. 2019లో అమెరికా ఆంక్షల పేరుతోని ఇరాన్, సిరియా, క్రిమియా డెవలపర్లకు, కోడ్ దాచి పంచుకునే సైట్ గిట్‌హబ్‌లోని అకౌంట్లకు అడ్డం పడ్డది. వాళ్లల్ల చదువుకునే పిల్లలు కూడా ఉన్నరు.

అంతకంటే ఘోరం 2022 మార్చిలో జరిగింది. నోడ్-ఐపీసీ అనే ప్యాకేజీలో, అంటే వేరేటోళ్లు తమ ప్రోగ్రాంలల్ల కలుపుకునే రెడీమేడ్ కోడ్‌లో, దాని రచయితే ఒక ముక్క దూర్చిండు. కంప్యూటర్ ఐపీ అడ్రస్ రష్యాదో బెలారస్‌దో అయితే, అందులోని ఫైళ్లను చెరిపి హృదయం గుర్తు నింపేది. ఉక్రెయిన్ మీద యుద్ధం వద్దన్న మాట మంచిదే. కానీ ఎవరి ఫైళ్లు పోయినయి? ఆ ఊర్లో ఉండి అదే యుద్ధాన్ని వ్యతిరేకించేటోడివి కూడా పోతయి. పైగా ఈ ప్యాకేజీ వేరే ప్యాకేజీల కింద దాగి వస్తది. మన కాలేజీ పిల్లగాడు ప్రాజెక్టు కోసం ఇన్‌స్టాల్ కొడితే ఏమేం దిగుతున్నయో వానికి తెల్వది. నమ్మి దించుకున్నోడి మిషన్ మీద చెయ్యేసుడును నిరసన అననే అనొద్దు.

[తెర మీద: కాలేజీ ల్యాబ్, కుర్చీలు గుండ్రంగా]

గదిలోపలి రాజకీయం సంగతి వేరు. ఎవరైనా కొత్తగ వస్తే, "ఇంటిపేరేంది?" అని కులం ఆరా తీస్తరు. రిజర్వేషన్ మీద జోక్ వేస్తరు. ఒకమ్మాయి లేచి అభ్యంతరం చెప్తే, "ఇక్కడ రాజకీయాలు వద్దు" అని ఆమె నోరే మూయిస్తరు. జోక్ వేసినోడిని మాత్రం ఏమీ అనరు. ఇది తటస్థం ఎట్లయితది? పక్షం అప్పటికే తీసుకున్నరు. 2018లో లైనక్స్ కెర్నెల్ ప్రవర్తనా నియమావళి పెట్టుకుంటే పెద్ద లొల్లి అయింది. కానీ మన దగ్గర గ్రూపు పెట్టేటోళ్లు నియమాలల్ల కులం అన్న మాటను పేరుపెట్టి రాయాలె. బయట తయారైన నమూనాను దించుకొని అంటిస్తే సరిపోదు, అందులో ఆ మాట ఉన్నదో లేదో చూసుకోవాలె.

ఎవరు ఏ పార్టీకి ఓటేస్తరో గ్రూపుకు అక్కర్లేదు. ఆ సంగతి అడగొద్దు, లోగోకు రంగులు పుయ్యొద్దు. ఎన్నికలప్పుడు లీడర్ల ఫొటోతోని హ్యాకథాన్ బ్యానర్ కూడా కట్టొద్దు. పైసలు ఎవరియి తీసుకుంటున్నరో మాత్రం ముందుగాల్నే అందరికీ చెప్పాలె. 2024లో నిక్స్ఓఎస్ అనే లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్ కమ్యూనిటీ చీలిపోయేదాక పోయిన గొడవలల్ల, ఆయుధాల కంపెనీ స్పాన్సర్‌షిప్ ఒకటి. వాడుకునుడు ఎవరి హక్కయినా కావచ్చు, మన వేదిక మీద బోర్డు పెట్టుకునుడు హక్కు కాదు.

[తెర మీద: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, దేవరకొండ దిక్కు]

మొదలుపెట్టడానికి ఒక పని చెప్త. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంతోని చాలా తండాలు గ్రామ పంచాయతీలు అయినయి. ఎవరైనా దిద్దగలిగే ఇంటర్నెట్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి మీ దగ్గరి తండా కోసం వెతకండి. పటంలో లేకపోతే పెట్టున్రి. ఉన్నా, పక్క ఊరి పేరుతోనే ఉంటే, తండాకు పోయి అక్కడి బోర్డు చూసి, అక్కడోళ్లు ఏమని పిలుస్తరో అడిగి మార్చున్రి. ఎందుకు మార్చిన్రో ఛేంజ్‌సెట్ (మీరు చేసిన మార్పుల మూట) కామెంట్‌లో తెలుగులోనే రాయున్రి. ఎవరైనా వెనక్కి తిప్పితే కొట్లాడకున్రి, కారణం అడగున్రి. ఎట్ల చెయ్యాలో వచ్చే వీడియోలో స్క్రీన్ మీదనే చూపిస్త.