పిడుదులు కాపురం పెట్టేది కుక్క మీద కాదు, మీ గోడల్లో

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు, కుక్కల్ని కూడా వెంటబెట్టుకొస్తారని అసలే అనుకోలేదు, కాబట్టి మధ్యలో ఎవరైనా మొరిగితే నేనే ఆగుతాను. సొసైటీ వాళ్లు టీకాల గురించి చెప్పమన్నారు. చెప్తాను, కానీ ముందు పిడుదుల సంగతి. కొందరు గోమార్లంటారు, పేరేదైనా రక్తం తాగే పురుగు అదే.

మొన్న వేసవిలో ఒకాయన తన ల్యాబ్రడార్‌ని చేతుల మీద ఎత్తుకొచ్చారు. ముక్కులోంచి రక్తం. "ఎండలకి వేడి చేసింది డాక్టర్ గారూ, మజ్జిగ పోస్తున్నాం" అన్నారు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి, పొట్ట మీద ఆవగింజంత ఎర్ర చుక్కలు. ప్లేట్‌లెట్లు 2 లక్షలకి తగ్గకూడదు, దానికి 30 వేలు కూడా లేవు. పిడుదులున్నాయా అంటే, "అబ్బే, వారం వారం స్నానం చేయిస్తాం, ఒక్కటీ లేదు" అన్నారు. నిజమే, చెవి మడతలు తిప్పి, కాలివేళ్ల సందులన్నీ వెతికినా నాకూ దొరకలేదు. ఇంటికెళ్లి సోఫా జరిపి వెనక గోడ ఫొటో తీసి పంపమన్నాను. కింద టైలుకీ గోడకీ మధ్య సందులో, జొన్నలు ఒలికినట్టు, వరసగా అవే.

ఈ పురుగు బతుకే అంత. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కుక్కనెక్కి రక్తం తాగి దిగిపోతుంది, ఏ పగులులోనో దూరి కుబుసం విడిచి మళ్లీ ఎక్కుతుంది, తాగి మళ్లీ దిగుతుంది, మూడోసారి ఎక్కి కడుపునిండా తాగిన ఆడది దిగొచ్చి వేలల్లో గుడ్లు పెడుతుంది. పైకి పాకే అలవాటు కాబట్టి కర్టెన్ రాడ్ వెనకా, తలుపు ఫ్రేమ్ మీదా కూడా దొరుకుతుంది. తిండి లేకపోయినా నెలల తరబడి ఉండగలదు, మీరు ఊరెళ్లొచ్చేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది. అందుకే కుక్కకి మాత్రమే మందేసి ఇంటిని వదిలేస్తే పని కాదు.

పురుగు కుడితే జ్వరం వస్తుందన్న మాట మన హైదరాబాద్‌కి కొత్తేం కాదు, 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఇక్కడే, బేగంపేటలో. ఆ ల్యాబ్రడార్‌కి వచ్చిన టిక్ ఫీవర్‌దీ, అంటే పిడుదుల జ్వరానిదీ, అదే దారి. ఎర్లీకియా అనే బ్యాక్టీరియా పిడుదు కుట్టినప్పుడు రక్తంలోకి వెళ్తుంది. దీనికి టీకా లేదు. మందుంది, డాక్సీసైక్లిన్, మామూలుగా 28 రోజులు వాడాలి. అయిదో రోజుకి కుక్క లేచి అన్నం తింటుంది, ఇంట్లో వాళ్లు మాత్రలు ఆపేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. లోపల మిగిలిన క్రిమి నెలల తర్వాత ఈసారి ఎముక మజ్జకే ఎసరు పెట్టొచ్చు.

కుక్కకి బరువును బట్టి నెలకోసారో మూడు నెలలకోసారో వేసే మాత్రలున్నాయి, డాక్టర్నడిగి మొదలుపెట్టండి, చలికాలమని మానొద్దు. పిడుదు కనబడితే కిరోసిన్ పోయకండి, అగ్గిపుల్ల పెట్టకండి, ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగండి. గోళ్లతో నలపొద్దు. గోడ పగుళ్లు పూడ్పించండి, కుక్క పడుకునే గుడ్డలు వేణ్నీళ్లలో ఉతకండి.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇక్కడ చెవి పెట్టి వినండి. కుక్క మెడ మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం, వణుకు పట్టుకుని ఫిట్స్ వస్తాయి. పారాసిటమాల్ కూడా అంతే. పిల్లి నలతగా ఉందని ఒకావిడ పాపం ప్రేమతోనే ముక్క విరిచి పాలల్లో కలిపారు. నా దగ్గరికొచ్చేసరికి మొహం ఉబ్బిపోయి, చిగుళ్లు చాక్లెట్ రంగుకి తిరిగాయి. ఆ పిల్లి దక్కలేదు. మనుషుల మందుల డబ్బా పిల్లి జోలికి తేవద్దు, అంతే.

ఇక టీకాలు. కుక్కపిల్లకి ఆరెనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ మొదటి డోసుల్ని పనిచేయనివ్వకపోవచ్చు, ఒకటి వేయించి ఊరుకుంటే పార్వో అనే వైరస్ జబ్బు పట్టుకునేది అందుకే. పార్వోతో కుక్క పోయిన ఇంట్లో ఫినాయిల్ కొట్టి కొత్త పిల్లని తెస్తారు, ఆ వైరస్ ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ కావాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఏడాదికి బూస్టర్, పిల్లికి కూడా. కరిచినా, గోరు గీసుకుని రక్తం వచ్చినా "మా కుక్కే కదా" అని పసుపూ కారం అద్దకండి, సబ్బుతో కుళాయి కింద 15 నిమిషాలు కడిగి, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో ఆ రోజే వెళ్లండి.

ప్రశ్నలు తర్వాత అడుగుదురు గానీ, మూడో వరసలో ఆ గోధుమరంగు కుక్క ఇందాకట్నుంచి ఒకే చెవి గోక్కుంటోంది. దాన్ని ఓసారి ఇలా తీసుకురండమ్మా, ట్వీజర్ నా జేబులోనే ఉంది.