అరగంటకు ఒక బొట్టు

శ్రోతలకు నమస్కారం.

మోకాలు నొప్పెడితే జెల్ రాసుకుంటాం. ఆ మందు చర్మం దాటి లోపలికి ఎంత దిగిందో తెలిసేదెలా? రక్తం తీసి చూస్తే సరిపోదా అంటారేమో. సరిపోదు. మందు చేరాల్సింది కణాల చుట్టూ ఉండే నీటిలోకి. పైగా రక్తంలో చాలా మందులు ప్రోటీన్లకు అతుక్కుని ఉంటాయి. సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ మందయితే మామూలుగా నూటికి 85 పాళ్లు పైనే అలా అతుక్కుంటుంది. విడిగా తిరిగే ఆ కాస్తే క్రిములతో పోరాడేది.

మరి ఆ నీటిలో మందును కొలవడం ఎలా? నాకు భలే నచ్చిన పద్ధతి ఒకటుంది, మైక్రోడయాలసిస్ అని. 1970లలో స్వీడన్‌లో ఉంగర్‌స్టెట్ అనే శాస్త్రవేత్త ఎలుక మెదడులో దీన్ని వాడారు. తర్వాత ఇది చర్మానికీ వచ్చింది. మత్తు ఇచ్చిన పంది చర్మం లోపలికి సన్నటి గొట్టాన్ని దూరుస్తారు. దాని గోడ టీ వడగట్టే గుడ్డ లాంటిది. విడి మందు లోపలికి వస్తుంది, పెద్ద ప్రోటీన్లు బయటే ఆగిపోతాయి. గొట్టంలో ఉప్పునీరు నిమిషానికి ఒకటి రెండు మైక్రోలీటర్లు పారుతుంది. అంటే అరగంట కూర్చుంటే ఒక్క బొట్టు! ఆ బొట్టులోనే మందును కొలవాలి.

ఇంకో చిక్కు ఉంది. గొట్టంలోకి వచ్చేది ఉన్న మందులో కొంతే. ఎంత వంతో తెలియాలి కదా? అందుకని ముందు తిరగేసి చేస్తారు. మందు కలిపిన నీటినే గొట్టంలో పంపి, అందులోంచి ఎంత బయటికి పోయిందో చూస్తారు. బయటికి ఎంత వంతు పోతే లోపలికీ అంత వంతే వస్తుందని లెక్క. ఎంత తెలివో చూడండి!

పందే ఎందుకంటే, దాని చర్మం మన చర్మానికి చాలా దగ్గర. ఎలుక చర్మం మందును మనకన్నా సులువుగా దాటనిస్తుంది. కబేళా నుంచి తెచ్చిన పంది చెవుల మీదా పరీక్షలు చేస్తారు. మంచిదే, అందుకోసం విడిగా ప్రాణి పోదు. కానీ చచ్చిన చర్మంలో రక్తం పారదు. చర్మంలోకి దిగిన మందును ఒళ్లంతా మోసుకుపోయేది రక్తమే. నన్నడిగితే, అది లేని లెక్క సగం లెక్కే.

ఈ రక్తం సంగతితోనే ఇంట్లో పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. తీవ్రమైన నొప్పికి డాక్టర్లు ఫెంటానిల్ పట్టీ అంటిస్తారు. దాని మీద వేడినీళ్ల బ్యాగు పెట్టకండి. వేడికి అక్కడ రక్తం ఎక్కువగా పారుతుంది, మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది, ఊపిరి మందగించవచ్చు. హీటింగ్ ప్యాడ్ కూడా వద్దు. పట్టీ ఉండగా జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.