రెండడుగుల తొట్టె, మూడు వేలు, ఒక సక్కర్

బావ: రికార్డవుతోందా?

శీను: అవుతోంది బావా. ఎర్ర లైటు చూడు.

బావ: పోయినసారీ ఎర్ర లైటే చూపించావు. నలభై నిమిషాలు గోడకి చెప్పుకున్నాం.

శీను: మళ్ళీ ఆ సంగతి ఎత్తకు. అందరికీ నమస్కారం. బెజవాడ నుంచి బావా, బామ్మర్దీ. ఈ వారం సంగతేంటంటే, ఇంట్లో మొదటిసారి అక్వేరియం పెట్టుకోవాలి, చేతిలో మూడు వేలే ఉన్నాయి. ఎలా? చాలామంది అడిగారు.

బావ: ఇద్దరు అడిగారు. అందులో ఒకరు మీ అక్క.

శీను: అక్క కూడా శ్రోతే. ముందు తొట్టె గురించి చెప్పు.

బావ: కొత్తది కొనొద్దు. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఎవరో ఒకరి బాల్కనీలో ఖాళీ తొట్టె ఉంటుంది. అందులో పాత చెప్పులు, పోయిన దీపావళి ప్రమిదలు. అడిగితే ఇచ్చేస్తారు. నేను ఐదొందలిచ్చి తెచ్చాను. తెచ్చాక కింద న్యూస్ పేపరు పరిచి, నీళ్లు నింపి మూడు రోజులు వదిలేయండి. కారితే కాగితమే చెబుతుంది.

శీను: ఎంత సైజు? బల్ల మీద పెట్టుకునే గుండ్రటి గాజు గిన్నె చాలదా? చవక కదా.

బావ: అదే అందరూ చేసే తప్పు. నీళ్లు ఎంత తక్కువుంటే అంత తొందరగా పాడవుతాయి. కొత్తవాళ్లకి చిన్న తొట్టే కష్టం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే 56 లీటర్లు పడతాయి. నీళ్ల బరువే 56 కిలోలు. గాజు, ఇసుక కలిపితే డెబ్బై దాటుతుంది. అందుకని టీపాయ్ మీద పెట్టకండి.

శీను: ఆ టీపాయ్ మాది.

బావ: నేను పేరు చెప్పలేదు.

శీను: సరే, ఫిల్టరు?

బావ: స్పాంజ్ ఫిల్టరు నూట యాభై, గాలి మోటారు మూడొందలు. ఇంకేం వద్దు. కింద వేయడానికి రంగు రాళ్లు కొనొద్దు. ఇల్లు కట్టే చోట అడిగితే ఒక బకెట్టు ఇసుక ఇస్తారు. బియ్యం కడిగినట్టు కడగాలి, పది పన్నెండు సార్లు. కుడితి లాగా వస్తూనే ఉంటుంది, విసుక్కోకూడదు. తర్వాత ఒక మనీ ప్లాంట్ కొమ్మ తెచ్చి...

శీను: వచ్చేసింది. మొదలుపెట్టి అయిదు నిమిషాలు కాలేదు, మనీ ప్లాంట్ వచ్చేసింది.

బావ: ఆకులు పైన, వేళ్లు నీళ్లలో. చేపల మలం చివరికి నైట్రేట్ అవుతుంది, ఆ వేళ్లు దాన్ని లాగేసుకుంటాయి. పైసా ఖర్చు లేదు. పక్కింటి గేటు మీద వేలాడుతూ ఉంటుంది.

శీను: దొంగతనం చేస్తే బాగా పెరుగుతుందంటారు కూడా.

బావ: అది మీ అక్క సిద్ధాంతం. ఇప్పుడు అసలు విషయం. తొట్టె ఆదివారం తెచ్చి, సోమవారం చేపలు వేస్తే, గురువారానికి చస్తాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉంటాయి. ఎందుకు చచ్చాయో తెలియదు.

శీను: దిష్టి తగిలిందంటారు.

బావ: అమ్మోనియా తగిలింది. చేప వదిలేదీ, మిగిలిన మేత కుళ్లేదీ అమ్మోనియానే. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజ్‌లో పుట్టాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేపలు వేయకుండా రోజూ చిటికెడు మేత మాత్రం వేస్తూ ఉండాలి.

శీను: ఖాళీ తొట్టెకి నెలన్నర మేత వేస్తే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు?

బావ: పాలకి తోడు వేయడం తెలుసా? పాలు ఊరికే పెడితే పెరుగవదు, విరుగుతాయి. చేపలున్న తెలిసినవాళ్ల తొట్టెలోంచి స్పాంజ్ ముక్క తెచ్చి మన నీళ్లలో పిండండి. అదే తోడు. పని తొందరగా అవుతుంది. ఆ స్పాంజ్‌ని మాత్రం ఎప్పుడూ కుళాయి కింద కడగకూడదు. క్లోరిన్ తగిలితే తోడంతా చస్తుంది. తొట్టె నీళ్లే మగ్గులోకి తీసి అందులో పిండాలి.

శీను: బాగుంది. ఇక చేపలు. గప్పీలు, మోలీలు, అవునా? మన బోరు నీళ్ల ఉప్పదనం వాటికి పడుతుంది. గోల్డ్ ఫిష్ వద్దు, అది జానెడు పెరుగుతుంది. తొట్టె శుభ్రంగా ఉండటానికి... వద్దులే. తర్వాతి ప్రశ్న.

బావ: ఏం వద్దు?

శీను: ఏం లేదు.

బావ: సక్కర్ అనబోయావు. దుకాణంలో రెండంగుళాల నల్ల చేపని చూపించి, గాజు నాకుతుంది, పాచి తింటుంది, తొట్టె కడగక్కర్లేదు అని అంటగడతారు. అది తినేదాని కన్నా వదిలేదే ఎక్కువ. అడుగు దాటి పెరుగుతుంది. అవును, నీ సక్కర్ ఏది? సంక్రాంతికి వచ్చినప్పుడు మూరెడు ఉంది.

శీను: ఇచ్చేశాను.

బావ: ఎవరికి?

శీను: రైవస్ కాలువకి.

బావ: ఒరేయ్.

శీను: చెప్పేది విను...

బావ: ఏంట్రా వినేది? కృష్ణలో వల వేసేవాళ్లని అడుగు, దెయ్యం చేప అంటే ఏంటో చెబుతారు. దక్షిణ అమెరికా నదుల చేప అది. ఒళ్లంతా పెంకు, రెక్కలకి ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, కోసి తీయాలి. కూరకి పనికిరాదని ఎవరూ కొనరు. గట్లకి బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. చేపల చెరువులోకి చేరితే రైతు వేసిన మేత అదే తింటుంది. అదంతా ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? నీలాంటివాళ్ల హాల్లోంచి.

శీను: ఒక్క చేపతో ఏమవుతుంది బావా?

బావ: అందరూ ఒక్కటే వదిలారు.

శీను: మరి దోమల కోసం ప్రభుత్వమే గంబూసియా చేపల్ని వదులుతుంది కదా. దాన్నేమీ అనవు.

బావ: అంటాను. 1928లో ఇటలీ నుంచి తెచ్చారు దాన్ని. దోమ పిల్లలతో పాటు మన చేపల గుడ్లూ పిల్లలూ తింటుంది. వాళ్లు చేశారని నువ్వూ చేస్తావా?

శీను: బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో ఎన్ని తొట్లు మునిగాయి? 2024 సెప్టెంబరులో అందరి చేపలూ పోయాయి. నేనొక్కడినే దొరికానా?

బావ: వరద వేరు. నువ్వు బకెట్టు పట్టుకుని నడిచి వెళ్లావు.

శీను: ఏం చేయమంటావు మరి? దుకాణంవాడు వెనక్కి తీసుకోనన్నాడు. ఇద్దరు ముగ్గురిని అడిగాను, ఎవరికీ వద్దు. తొట్టెలో అటు నుంచి ఇటు తిరగడానికి కూడా చోటు లేదు దానికి. తల తిప్పితే తోక గాజుకి తగులుతోంది.

బావ: ఎవరూ తీసుకోకపోతే చంపి పాతిపెట్టాలి. వినడానికి బాగోదు కానీ అంతే.

శీను: చిన్ని ముందు?

బావ: ...

శీను: ఆ చేపకి పేరు పెట్టింది బావా. గట్టు మీద నిలబడి, నదిలోకి వెళ్లి వాళ్ల అమ్మని కలుస్తుంది అని చేతులూపింది. ఆరేళ్ల పిల్లకి నేనేం చెప్పాలి?

బావ: సరేలే.

శీను: సరేలే కాదు. అది ఇంటికి ఎలా వచ్చిందో కూడా చెప్పు. పుట్టినరోజుకి కవరులో నీళ్లు పోసి ఎవరు తెచ్చారు?

బావ: రికార్డింగులో ఎందుకురా అవన్నీ.

శీను: ఎవరు తెచ్చారు?

బావ: నేనే. అప్పుడు నాకూ తెలియదు. వాడు తొట్టె కడగక్కర్లేదంటే నిజమే అనుకున్నాను. బొటనవేలంత ఉంది.

శీను: ఆ బొటనవేలు మూరెడైంది.

బావ: మనీ ప్లాంట్ పెట్టి ఉంటే సక్కర్ అవసరమే వచ్చేది కాదు.

శీను: నీకో దణ్ణం.

బావ: ఇంకెవరో హీటరు గురించి అడిగారు, చూడు.

శీను: బెజవాడలో హీటరు ఎందుకు? పనికిరాదు. తర్వాత?

బావ: వేసవిలో చల్లబరచడమే కష్టం. నీళ్ల సీసా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి తొట్టెలో తేలేయండి. మూత తీసి, ఫ్యాను గాలి తగలనివ్వండి. కుళాయి నీళ్లు పోసేముందు యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, సీసా యాభై రూపాయలు. వారానికి పావు వంతు నీళ్లు మార్చాలి. మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. లైటు రెండొందల యాభై. ఆరు గప్పీలు, ఒక్కోటి ముప్ఫై. అన్నీ మగవే తీసుకోండి.

శీను: ఎందుకో చెప్పు.

బావ: ఆడవి కూడా ఉంటే రెండు నెలలకి లెక్కపెట్టడం మానేస్తారు. తర్వాత బకెట్టు పట్టుకుని కాలువ వైపు చూస్తారు.

శీను: ఇంకా వదల్లేదా దాన్ని.

బావ: ఎక్కడ వదిలావు కచ్చితంగా?

శీను: వంతెన పక్కన, మెట్ల దగ్గర.

బావ: వేసవిలో కాలువ కట్టేశాక అక్కడ గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. పిల్లలు చేపలు పడుతుంటారు.

శీను: బతికుంటుందంటావా?

బావ: నీళ్లు తగ్గితే గాలి మింగి బతుకుతుంది. మొండిది.

శీను: దొరికితే ఏం చేస్తావు?

బావ: ముందు దొరకనీ.

శీను: చిన్నికి చెప్పకు.

బావ: రికార్డవుతోంది కదరా.

శీను: అవునే. ఆగు, ఎర్ర లైటు ఏది?