చలికాలం తెడ్డు: గట్టు మీద ఉంచుకునే సంచి

తమ్ముడు: అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో బీరువాల్లోంచి స్వెట్టర్లు బయటికొచ్చే రోజులివి. మా అక్క మాత్రం ఈ చలిలో కూడా తెల్లారకముందే కారు మీద ప్యాడిల్‌బోర్డు, అంటే నిలబడి తెడ్డేసుకుంటూ నీళ్ల మీద వెళ్లే పొడవాటి పలక, కట్టుకుని వికారాబాద్ దారి పడుతుంది, కోట్‌పల్లి చెరువుకి. అక్కా, మన దగ్గర చలెక్కడుంది, దీనికి ఇంత తయారీ ఎందుకు అని అడిగేవాళ్లకి ఏం చెప్తావు?

అక్క: చలి దేశాల్లో ప్రమాదం నీళ్లలో ఉంటుందిరా. మనకి నీళ్లలోంచి లేచాక మొదలవుతుంది. జనవరిలో కొన్ని తెల్లవారుజాములు సిటీలోనే 12, 13 డిగ్రీలకి దిగుతుంది. ఊరి బయట ఇంకా తక్కువ. చెరువు అంత త్వరగా చల్లబడదు. అందుకే నీళ్ల మీంచి పొగలు లేస్తాయి, కాలు పెడితే గోరువెచ్చగా తగులుతుంది. కొత్తవాళ్లు అక్కడే మోసపోతారు. ఒకసారి పడి, తడి బట్టలతో బోర్డు మీద నిలబడితే తెలుస్తుంది. ఆ తడి ఆరడానికి కావాల్సిన వేడి మన ఒంట్లోంచే పోతుంది, దానికి గాలి తోడు.

తమ్ముడు: పోయిన సంక్రాంతి ముందు నీకు జరిగింది చెప్పు.

అక్క: కాటన్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు వేసుకుని వెళ్లా. గుర్రపుడెక్క వచ్చి బోర్డు కింద ఉండే ఫిన్‌కి, అదే చేప రెక్కలాంటి ముక్కకి, చుట్టుకుంది. బోర్డు ఠక్కున ఆగింది, నేను ముందుకి పడ్డా. కాలికి లీష్, అంటే బోర్డుని మనకి కట్టి ఉంచే తాడు, ఉంది కాబట్టి బోర్డు చేతికందింది, ఎక్కేశా. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి. మోకాళ్ల మీద కూర్చుని తెడ్డేసుకుంటూ గట్టుకి చేరా. అప్పుడు లైఫ్ జాకెట్ బకిల్ తీయాలి. వేలు బకిల్ మీదే ఉంది, కళ్లకి కనిపిస్తోంది, నొక్కుతున్నాననే అనుకుంటున్నా, కానీ వేలు నొక్కట్లేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి వత్తితే ఊడింది. పొడి బట్టలేమో కారులో, కారు తాళం జిప్పు జేబులో. ఆ జిప్పు పళ్లతో లాగి తీశా.

తమ్ముడు: వింటుంటేనే టెన్షన్‌గా ఉంది.

అక్క: ఇంటికొచ్చి అమ్మకి చెప్తే ఏమీ అనలేదు. మధ్యాహ్నం కూర్చుని రెండు మందపాటి తువ్వాళ్లు కలిపి, తల దూరేంత సందు వదిలి, నైటీలా కుట్టిచ్చింది. అది తగిలించుకుంటే లోపల తడి బట్టలు విప్పి పొడివి వేసుకోవచ్చు, ఆడవాళ్లకి చెరువు గట్టు మీద అంతకంటే ఏం కావాలి? నా సంచిలో అన్నిటికంటే పైన అదే ఉంటుంది. దాని కింద మంకీ క్యాప్, ఉన్ని సాక్సులు, స్వెట్టర్. ఫ్లాస్కులో అల్లం టీ, చక్కెర కాస్త ఎక్కువేసి. సంచి కారులో పెట్టను, గట్టు మీద కనిపించేచోట పెడతా.

తమ్ముడు: మరి నాలాగా బైక్ మీద వెళ్లేవాళ్లు?

అక్క: వాళ్లే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తడి ప్యాంటుతో అంతదూరం బండి నడిపితే వేళ్లు మొద్దుబారి బ్రేక్ కూడా సరిగ్గా పట్టలేవు. నీళ్లలోంచి బయటికొచ్చాక కూడా కాసేపు ఒంటి వేడి తగ్గుతూనే ఉంటుంది. వణుకు ఆగేదాకా బండి తీయొద్దు. మాట తడబడుతున్నా, చిన్న పనికి చేతులు మొరాయిస్తున్నా, ఊరికే చిరాకు పడుతున్నా, ఆ మనిషికి చలి లోపలిదాకా పట్టిందని అర్థం. పక్కవాళ్లు గమనించాలి, తనకి తెలియదు.

తమ్ముడు: పెద్దనాన్న వాళ్ల అబ్బాయి సియాటెల్ నుంచి అడిగాడు, అక్కడ చలికాలంలో దిగొచ్చా అని.

అక్క: వాడికి వేరే లెక్క. నీళ్లు 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే పడగానే ఊపిరి ఎగబీల్చేస్తుంది, మన అదుపులో ఉండదు. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీళ్లే పీల్చేస్తావు. ఒక నిమిషం ఈదకుండా తేలుతూ ఉంటే ఊపిరి దారికొస్తుంది, అలా తేలాలంటే ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి. గాలి కంటే నీళ్లు దాదాపు 25 రెట్లు వేగంగా వేడి లాగేస్తాయి. కాబట్టి వాడు బయట ఎండ చూసి బట్టలు ఎంచుకోకూడదు, నీళ్ల చల్లదనం చూసుకోవాలి. కనీసం ఒంటి వేడి పోనివ్వని నియోప్రీన్ రబ్బరు వెట్‌సూట్, బూట్లు, బాగా చల్లగా ఉంటే లోపలికి నీళ్లే రానివ్వని డ్రైసూట్. సర్ఫింగ్, ఈత కొట్టే చోట్లు దాటితే ప్యాడిల్‌బోర్డుని పడవ కిందే లెక్కేస్తామని అమెరికా కోస్ట్ గార్డ్ 2008లోనే చెప్పింది. అంటే లైఫ్ జాకెట్, విజిల్ దగ్గరుండాల్సిందే.

తమ్ముడు: లీష్ ఎక్కడైనా కాలికే కట్టుకోవాలా?

అక్క: చెరువులో కాలికి చాలు, చుట్టలు చుట్టినట్టుండే రకం. పారే నీళ్లలో మాత్రం ఆ పని చేయొద్దు. రాయికో కొమ్మకో తగులుకుంటే ప్రవాహం నిన్ను కిందికి నొక్కేస్తుంది, కాలిదాకా చెయ్యి పోదు. నడుముకి కట్టుకుని, ఒక్క లాగుడుకి ఊడిపోయే బెల్టు వాడాలి.

తమ్ముడు: గాలి కొట్టి ఉబ్బించే బోర్డుకి చలిలో ఏమైనా తేడా ఉంటుందా?

అక్క: ఇంట్లో కొట్టిన గాలి చల్లటి నీళ్ల మీద కాస్త తగ్గుతుంది, బోర్డు మెత్తబడుతుంది. చాలా బోర్డులకి 12 నుంచి 15 పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్కే) దాకా పడుతుంది, గట్టు మీద ఒకసారి చూసుకుంటే చాలు. ఎండెక్కాక గట్టు మీద వదిలేయాల్సొస్తే కొంచెం గాలి తీసెయ్. ఫోను నీళ్లు దూరని డ్రై బ్యాగులో పెట్టి బోర్డుకి కాకుండా నీ ఒంటికి కట్టుకో. విజిల్ భుజం దగ్గర తగిలించుకో, పొగమంచులో నువ్వు కనిపించకపోయినా వినిపిస్తావు.

తమ్ముడు: ఆదివారం నేనూ వస్తున్నా కదా. నాకింకేం కావాలి?

అక్క: నీ జాకెట్ ఇటివ్వు. ఈ జిప్పుకి నైలాన్ తాడు ముక్క కడతా, ఇదిగో, పిడికిలి దూరేంత ఉచ్చు. ఇప్పుడు వేళ్లు మడిచి, పిడికిలితో లాగి చూడు.

తమ్ముడు: వచ్చేసింది.

అక్క: అట్లా కళ్లు మూసుకుని ఇంకో నాలుగుసార్లు లాగు.