ఉమ్మడి గోడ మీద స్లాబు వేయొచ్చా? (ఫోన్-ఇన్)

యాంకర్: ప్రొద్దుటూరు నుంచి ఒకమ్మ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా, లాయరు గారు వింటున్నారు.

కాలర్: నమస్తే సార్. మాది పాత మట్టి మిద్దె. వానొస్తే గిన్నెలు పెట్టుకోవాల్సిందే. కొట్టేసి స్లాబు ఏసి, పైన రెండు రూములు లేపుదామనుకుంటాండాం. పక్కింటాయన గోడ మీద చెయ్యేస్తే ఊరుకోనంటాండాడు.

లాయర్: గోడ ఎవరిదమ్మా?

కాలర్: మాదే సార్, మా మామ కట్టించినాడు.

లాయర్: ఎవరు కట్టించారన్నది పక్కన పెట్టండి. దస్తావేజులో చెక్కుబంది ఏముంది?

కాలర్: తూర్పుకు వాళ్ల ఇల్లు, మధ్యలో ఉమ్మడి గోడ అని రాసిండాది.

లాయర్: మరి మాదే అంటారేమ్మా! (నవ్వు) వాళ్ల దూలాలు కూడా దాని మీదే ఆనినాయా?

కాలర్: ఆ సార్. మావి ఇటు, వాళ్లవి అటు.

లాయర్: అయితే మీరొక్కరే దాన్ని కొట్టడానికి లేదు. కొడితే వాళ్ల మిద్దె దిగిపోతుంది. ఆయన కోర్టుకు పోయి ఇంజంక్షన్ తెచ్చుకుంటే పని సగంలో ఆగుతుంది. తెచ్చిన సిమెంటు గడ్డకడుతుంది, మేస్త్రీ ఇంకో పని ఒప్పుకుంటాడు. గోడ మందమెంత?

కాలర్: రెండడుగులు ఉంటాది. రాయి, మట్టి.

లాయర్: దాన్ని అట్లే వదిలేయండి. మట్టితో కట్టిన గోడ మీద పై అంతస్తు బరువు వేయడం ఎట్లాగూ మంచిది కాదు. మీ వైపు పిల్లర్లు లేపి బరువంతా వాటి మీద వేయండి.

కాలర్: ముప్పావు అడుగు పోతాది కదా సార్! ఇల్లే పదిహేను అడుగుల వెడల్పు.

లాయర్: పోతుందమ్మా. కోర్టు చుట్టూ తిరగడానికి పోయే ఏళ్లతో పోల్చి చూసుకోండి. ఇంకొకటి, పాత గోడకు పునాది లోతు ఉండదు. పక్కనే పిల్లర్ల గుంతలన్నీ ఒకేసారి తవ్వితే అది జారుతుంది. ఒకటి తవ్వి, కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక ఇంకొకటి. మీ ఫుటింగు, అంటే పిల్లరు కింద పోసే కాంక్రీటు దిమ్మ, గోడ కింద నుంచి ఆయన స్థలంలోకి పోకుండా ఇంజనీరుతో డిజైను చేయించండి. పని మొదలుపెట్టకముందే వాళ్ల గోడ మీదున్న బీటలన్నీ, ఆయన్ని పక్కన పెట్టుకునే, ఫోటోలు తీయించండి. తరువాత ఏ బీట పడినా మీ వల్లే అంటారు. ఒక్కోసారి అది నిజమే అవుతుంది కూడా.

కాలర్: లక్ష ఇస్తే గోడలో తన సగం వదిలేస్తానంటాండాడు. తెల్లకాగితం మీద సంతకం చాలునా?

లాయర్: చాలదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి హక్కు వదులుకుంటే ఆ కాగితం రిజిస్టరు కావాల్సిందే. అయినా డబ్బు తీసుకున్నాక ఆయన దూలాలు ఎక్కడ ఆనాల? అదీ ఆ పత్రంలోనే రాసుకోవాలి. నన్నడిగితే ఆ లక్ష పిల్లర్లకు పెట్టండి.

కాలర్: పైన రూములకు ఆయన వైపు కిటికీ పెట్టుకోవచ్చునా?

లాయర్: వద్దు. 1882 ఈజ్‌మెంట్ చట్టం కింద 20 ఏళ్లు అడ్డు లేకుండా వెలుతురు వస్తే దాని మీద హక్కు పుడుతుంది. అది తెలిసినోడెవడూ ఊరుకోడు. ఆయన రేపు పైకి కట్టినా మీ కిటికీ మూసుకుపోతుంది. వీధి వైపు పెట్టుకోండి.

కాలర్: నోటీసు పంపమంటారా? నన్ను చెల్లెలా అని పిలిచే మనిషి, రెండు నెలలుగా మాట్లాడడంలా.

లాయర్: నోటీసు ఇప్పుడే వద్దు. మున్సిపాలిటీలో ఇచ్చే ప్లాను పట్టుకొని వాళ్లింటికి పోండి. మీరు గోడను ముట్టుకోబోరని అందులో చూపించండి. అప్పటికీ కాదంటే కోర్టులో న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టండి, కేసు వేయకముందే ఇద్దర్నీ కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

కాలర్: కూలోళ్లు రేప్పొద్దున వస్తామన్నారు సార్. వద్దనాల్నా?

లాయర్: మీ వైపు మిద్దె మీది మట్టి దించుకోండి. దూలాలు మాత్రం ఇంజనీరు చూసేదాకా గోడలోంచి పీకనీయొద్దు.

కాలర్: సరే సార్. ఉంటా.

యాంకర్: తరువాతి కాల్ మైదుకూరు నుంచి...